పాలు లేని రోజుల్లో నేర్చిన విద్య

మా రోజుల్లో పాలంటే కొలిచి వాడుకునే వస్తువు. పాడి ఉన్న ఇళ్ల సంగతి వేరు. మిగతావాళ్లం తెల్లవారకముందే చెంబు పట్టుకుని గేదెల పాక దగ్గర నిలబడేవాళ్లం. తెచ్చిన పావుసేరులో కాఫీకింత, తోడుకింత, చంటిబిడ్డకింత. 1970 ప్రాంతంలో దేశం మొత్తానికి లెక్క వేస్తే మనిషికి రోజుకు 110 గ్రాములు అటూ ఇటూగా వచ్చేవి. 2023-24 లెక్కల్లో అది 471 గ్రాములు. 1998 నుంచి పాల ఉత్పత్తిలో లోకంలో మనదే మొదటి స్థానం. గుజరాత్‌లోని ఆనంద్‌లో పాల సహకార సంఘాలు నడిపిన కురియన్ గారూ, ఆయన వెంట నడిచిన రైతులూ చేసిన పని చిన్నది కాదు. కరువు చూసిన దాన్ని, పాల విలువ నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

నా గొడవ వేరు. పాలు దొరకని ఆ రోజుల్లో, పాలు లేకుండా పసిబిడ్డను నిలబెట్టడం ఎలాగా అని మన శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కూర్చుని ఆలోచించారు. గోధుమ, రాగి, పెసర, శనగ, వేరుశనగ, బెల్లం ఇలా చేతికందిన వాటితోనే బిడ్డ తిండి తయారుచేసి చూపించారు. పాలు పొంగి పొర్లడం మొదలయ్యాక ఆ విద్యను అటకెక్కించేశారు. ఇప్పుడు పిల్లల కోసమని ఏ పొట్లం విప్పినా అందులో పాలపొడి. పాలే పడని బిడ్డ సంగతి ఎవరికి పట్టింది?

పాలు పడకపోవడమేమిటి, ఈ కాలం వాళ్ల చోద్యం కాకపోతే, అని నా ఈడు వాళ్లు కొట్టిపారేస్తుంటారు. చోద్యం కాదమ్మా. మా చెల్లెలి మనవరాలి కొడుకుకి మూడో నెల నడుస్తుండగా మొదలైంది. తల్లిపాలు చాలడం లేదని సీసా పట్టారు. పట్టిన వారానికే బుగ్గలు ఎర్రగా పొక్కాయి, మోచేతుల మడతల్లో తామర లేచింది, తాగిందంతా కక్కేవాడు. ఒక రోజు వాడి పొత్తిగుడ్డ తీసి నాకు చూపించింది ఆ పిల్ల. ఆకుపచ్చని జిగట, దాని మీద దారపు పోగుల్లా నెత్తురు చారలు. "వేడి చేసిందంటున్నారు అమ్మమ్మా" అంది. ఒకరు వేడి అన్నారు, ఒకరు పళ్లొస్తున్నాయన్నారు, ఇంకొకరు గ్రైప్ వాటర్ రాసిచ్చారు. ఊళ్లో పేరున్న ఒక ఆస్పత్రిలో లాక్టోజ్ లేని డబ్బా చేతిలో పెట్టి పంపారు. నెత్తురు ఆగలేదు. ఆగదు కూడా. చివరికి ఇంకో ఊళ్లో పిల్లల పేగుల జబ్బులు చూసే డాక్టరమ్మ ఒకావిడ అసలు సంగతి చెప్పింది. అప్పటికి వాడికి అయిదు నెలలు, బరువు మూడో నెల దగ్గరే ఆగిపోయింది.

ఈ తికమక ఇంకా ఎంతమంది బిడ్డల్ని పస్తు పెడుతోందో! పాలలో ఉండే చక్కెర లాక్టోజ్. అది అరగకపోతే కడుపుబ్బరం, నీళ్ల విరేచనాలు. అంతవరకే. అలర్జీ అన్నది పాలలోని మాంసకృత్తుల మీద, అంటే ప్రోటీన్ల మీద ఒళ్లు తిరగబడడం. కేసిన్ అనీ, బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనీ ఉంటాయి. వాటిని చూసి శరీరం శత్రువు వచ్చిందనుకుంటుంది. చక్కెర తీసేసి ప్రోటీన్ అలాగే ఉంచిన డబ్బా పోస్తే ఏం లాభం? మా రోజుల్లో ఈ తేడా చెప్పేవాళ్లు లేరంటే అర్థం ఉంది. నేల నాలుగు చెరగులా ఆస్పత్రులున్న ఈ రోజుల్లో రెండు నెలలు నెత్తురు పోనివ్వడానికి అర్థమేముంది?

దీనికి రెండో కొస కూడా ఉంది, అదీ చెప్పాలి. ఏడ్చిన ప్రతి బిడ్డకూ పాల అలర్జీ అని చీటీ రాసేయడం కూడా ఈ మధ్య ఎక్కువైంది. ఐరోపాలో తొమ్మిది దేశాల్లో పన్నెండు వేలమంది పిల్లల్ని పుట్టినప్పటి నుంచి చూస్తూ, అనుమానం వచ్చినవాళ్లను సరిగ్గా పరీక్షిస్తే, నూటికి ఒకరికి కూడా తేలలేదు. బిడ్డ అన్నాక ఏడుస్తాడు, కక్కుతాడు. పాలు ఆపి చూడాలి, తగ్గితే మళ్లీ డాక్టరు కనుసన్నల్లో పోసి చూడాలి. ఆ రెండో పని చేయకుండా ఏళ్ల తరబడి పాలు మాన్పించిన ఇళ్లు నాకు తెలుసు.

మా రోజులు బంగారమని నేననను. ఉద్యోగరీత్యా బాలవాడీలు తిరిగినదాన్ని, తరవాత 1975లో అంగన్‌వాడీలు వచ్చాక వాటినీ చూసినదాన్ని. ఇలాంటి బిడ్డలు అప్పుడూ ఉన్నారు. ఒళ్లు పట్టడం లేదు, దిష్టి తగిలింది, బాలగ్రహం పట్టింది అనేవాళ్లు. తాయెత్తు కట్టేవాళ్లు. బతికితే బతికాడు. కాకపోతే పై పాలు అంత తొందరగా బిడ్డ నోటికి వచ్చేవి కావు, ఎందుకంటే పాలే లేవు. తల్లికి పాలు లేకపోతే తోడికోడలో పక్కింటి పిల్ల తల్లో ఒళ్లోకి తీసుకునేది. ఆ బిడ్డ బతికిందీ అందువల్లే.

మేకపాలు మంచివని ఒకరు, గేదెపాలు మార్చి చూడమని ఒకరు సలహా ఇస్తారు, ఇప్పటికీ ఇస్తున్నారు. ఆవుపాలు పడని పిల్లల్లో నూటికి తొంభైమందికి పైగా మేకపాలకూ అలాగే తిరగబడతారు, ఆ ప్రోటీన్లు అంత దగ్గరి చుట్టాలు. గేదెపాలూ అంతే. గాడిదపాలది మాత్రం వేరే కథ. గాడిదను వెంటబెట్టుకుని వీధి వీధీ తిరిగి, గుమ్మం ముందే చిన్న గ్లాసులో పిండి ఇచ్చే వాళ్లను మన ఊళ్లలో ఇప్పటికీ చూస్తాం. ఉబ్బసానికీ జలుబుకీ అని బిడ్డ నోట్లో పోస్తారు. ఇటలీలో, సిసిలీ దీవిలోని పలెర్మో డాక్టర్లు 1990ల్లో పాల అలర్జీ పిల్లలకు ఈ గాడిదపాలే ఇచ్చి చూశారు, చాలామందికి పడ్డాయి. కానీ వాళ్లు పరిశుభ్రంగా పితికి, పరీక్షించి, కొవ్వు బొత్తిగా తక్కువ కనుక నూనె కలిపి ఇచ్చారు. మన వీధిలో పచ్చిపాలు, వచ్చినవాడు కడిగిన గ్లాసు. రెండూ ఒకటి కావు. అటు పలెర్మోలో లెక్క తీస్తుంటే, తరతరాలుగా ఆ పాలు తాగించిన మనం ఎందుకు పరీక్షకు పెట్టుకోలేదన్నది నన్ను తొలిచే ప్రశ్న.

ఇక పాలు పడని బిడ్డకు డాక్టర్లు రాసే డబ్బా సంగతి. అమెరికాలో 1942లో ఒక కంపెనీ మొదలుపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. పాలలోని కేసిన్‌నే తీసుకుని, ఎంజైములతో దండ తెంపి పూసలు చేసినట్టు ముక్కలు ముక్కలు చేస్తారు. ముక్కను చూసి ఒళ్లు గుర్తుపట్టదు, చాలామంది బిడ్డలకు పడుతుంది. అదీ పడనివాళ్లకు ఏకంగా అమైనో ఆమ్లాలతో కూర్చిన డబ్బా ఉంది. మంచి శాస్త్రం, కాదనను. ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కానీ వాసన చూశారా? చేదు, కంపు. నాలుగు నెలల లోపు అలవాటు చేస్తే బిడ్డ తాగుతాడు. ఆ తరవాత మొదలుపెడితే పెదవి బిగిస్తాడు. మా వాడికి అయిదో నెలలో తెలిసింది కనుక మొదటి వారం చెంచాడు చెంచాడు పోయడానికే ఇంటిల్లిపాదీ కూర్చోవాల్సి వచ్చింది.

దాని ఖరీదు వేలల్లో పలుకుతుంది. నాలుగైదు నెలల బిడ్డకు రోజుకు నూరు గ్రాములకు పైనే పొడి కావాలి. 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులు నిండా రాదు. నెలకు ఎన్ని డబ్బాలో, ఎన్ని వేలో మీరే లెక్క కట్టుకోండి. కూలికి వెళ్లే తల్లి ఏం చేస్తుంది? సగం పొడికి రెట్టింపు నీళ్లు కలుపుతుంది. నా కళ్లతో చూశాను. బిడ్డ బొజ్జ నిండుతుంది, ఎముకల మీద కండ పట్టదు. కొన్ని దేశాల్లో ఈ డబ్బాను మందుల కింద లెక్కగట్టి డాక్టరు చీటీ మీద ఇస్తారు. బ్రిటన్‌లో అంతే. ఇక్కడ దుకాణంలో అడిగిన ధర ఇచ్చి కొనుక్కోవాలి.

ఇక్కడే నాకు పాత రోజులు గుర్తుకొచ్చి కడుపు మండుతుంది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద విచారణకని ఒక చిన్న గదిలో మొదలైన సంస్థ, 1958లో హైదరాబాదు వచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో ఉంది, అందరికీ తెలుసు. దానికి గోపాలన్ గారు పెద్దగా ఉన్న రోజుల్లో ప్రపంచమంతా ప్రోటీన్ లోటు, ప్రోటీన్ లోటు అని గగ్గోలు పెడుతోంది. పాలపొడి ఓడల మీద వచ్చి దిగుతోంది. ఆయన బృందం హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో ఏడాది నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు రోజూ ఒక తియ్యటి రొట్టెముక్క ఇచ్చింది. గోధుమపిండి, పంచదార, నూనె, అంతే. 310 కేలరీలు, ప్రోటీన్ మూడు గ్రాములు. 14 నెలలు ఇచ్చారు. ఆ పిల్లలు ఎత్తూ బరువూ పెరిగారు. ముందు కడుపు నిండాలి, తిన్న తిండిలోని ప్రోటీన్ అప్పుడు దాని పని అది చేసుకుంటుంది అని 1973లో అచ్చువేసి చూపించారు. చుక్క పాలు లేవు అందులో.

హైదరాబాద్ మిక్స్ అని ఇంకోటి వచ్చింది అదే సంస్థ నుంచి. వేయించిన గోధుమలు, శనగపప్పు, వేరుశనగ, బెల్లం. పొడి కొట్టి డబ్బాలో పెట్టుకుంటే ఎండిపోయిన బిడ్డ నెలల్లో తేరుకునేది. కంపెనీ లేదు, పేటెంటు లేదు, సీలు లేదు. కాగితం మీద కొలతలు రాసి ఏ తల్లికైనా ఇచ్చేవాళ్లం. అందులోనూ పాలు లేవు. పాల అలర్జీ కోసమని కాదు, పాలు లేవు కనుక పెట్టలేదు. కానీ ఆ కాగితం ఈ రోజు పాలు పడని బిడ్డ తల్లి చేతిలో ఉంటే ఎంత ఆసరా!

మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, అదే సి.ఎఫ్.టి.ఆర్.ఐ., గేదెపాలతో శిశువుల పాలపొడి చేసే పద్ధతి కనిపెట్టి పేరు తెచ్చుకుంది. ఆ సంగతి అందరూ చెబుతారు. అక్కడే దేశికాచార్, మల్లేశి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1982లో రాగులూ పెసలూ మొలకెత్తించి చేసిన బిడ్డ తిండి సంగతి ఎవరూ చెప్పరు. నాకు ఆ పని అంటే ప్రాణం. ఎందుకో వివరంగా చెబుతాను.

మామూలు రాగిపిండితో జావ కాస్తే ఏమవుతుంది? కొంచెం పిండికే గట్టిపడుతుంది. బిడ్డ మింగలేదని నీళ్లు పోస్తాం. గిన్నె నిండా జావ ఉంటుంది, అందులో పిండి రెండు చెంచాలు. బిడ్డ పొట్ట పిడికెడు. నిండిపోతుంది, బలం మాత్రం రాదు. అదే రాగుల్ని రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, రోజున్నర అలా ఉంచండి. మూట విప్పితే ప్రతి గింజకూ తెల్లటి దారంలా మొలక. పచ్చి వాసన గుప్పుమంటుంది. నీడలో ఆరబెట్టి, అరచేతులతో రుద్ది, చేటలో చెరిగితే ఆ మొలకలన్నీ ఎగిరిపోతాయి. సన్నసెగ మీద కాసేపు వెచ్చబెట్టాలి, మాడకూడదు, మాడితే చేసిందంతా వృథా. మరపట్టించి పలచని నూలుగుడ్డలో జల్లించాలి. పెసలనూ ఇలాగే మొలకెత్తించి, ఆరబెట్టి, కొద్దిగా వేయించి పొట్టు తీయాలి. నేను రెండు పాళ్ల రాగికి ఒక పాలు పెసర కలిపేదాన్ని.

మొలకలో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. జావ కాచేటప్పుడు చూడాలి దాని పని. చిక్కగా ఉండకట్టబోతున్న జావలో ఈ మొలకపిండి ఒక చెంచా వేసి కలిపితే, మీరు గరిటె తిప్పుతుండగానే పలచబడిపోతుంది. నీళ్లు పోయలేదు, పిండి తగ్గలేదు. అదే గిన్నెలో రెట్టింపు పిండి, అదే పలచదనం. బాలవాడీలో తల్లులకు నేను ఇది చేసి చూపిస్తే గరిటె లాక్కుని తామే తిప్పి చూసేవాళ్లు. మొలకెత్తిస్తే ఫైటేట్లు తగ్గి గింజలోని ఇనుమూ సున్నమూ ఒంటికి ఎక్కువ పడతాయి కూడా. వంద గ్రాముల రాగుల్లో 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని గోపాలన్ గారి పుస్తకంలోనే రాసి ఉంది. ఆవుపాలలో 120. పాలలోని కాల్షియం ఒంటికి తేలిగ్గా పడుతుంది, నిజమే. అయినా పాలు తాగలేని బిడ్డకు ఇంతకంటే దగ్గరి దారి ఏముంది?

ఒక్కటి గట్టిగా చెప్పి తీరాలి. ఈ జావ ఆరు నెలలు నిండిన బిడ్డకు, తల్లిపాలతోపాటో డాక్టరు రాసిన డబ్బాతోపాటో. వాటికి బదులు కాదు. ఆరు నెలల లోపు బిడ్డకు రాగిజావ గానీ బియ్యపు గంజి గానీ పోస్తే ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టే. ఈ కాలపు అమ్మాయిలు ఫోనులో ఎవరో చెప్పారని బాదంపాలు, ఓట్సు పాలు, కొబ్బరిపాలు సీసాలో పడుతున్నారు. పాలలా తెల్లగా ఉంటే చాలా? బాదం నానబెట్టి రుబ్బి వడగట్టిన నీళ్లలో ప్రోటీన్ ఎంత, కాల్షియం ఎంత? అమెరికాలో, అన్నీ అందుబాటులో ఉన్న ఇంట్లో, బియ్యపు పానీయం మీదే పెంచిన బిడ్డకు క్వాషియార్కర్ వచ్చిందని అక్కడి డాక్టర్లు 2001లో రాశారు. ఒళ్లు ఉబ్బి, జుట్టు రంగు మారి, చర్మం పొరలుగా లేచే ఆ జబ్బును నేను మన కరువు జిల్లాల్లో చూశాను. అలాంటిది మేడ ఇంట్లో వచ్చిందంటే వినడానికే బాధ.

బిడ్డ తిండి వంటింటి ప్రయోగం కాదు. పెద్ద కంపెనీలకే చేయి జారింది. 1978లో అమెరికాలో ఒక సోయా డబ్బాలో ఉప్పు తగ్గించబోయి క్లోరైడ్ లేకుండా చేశారు, బిడ్డలు ఎదగక జబ్బుపడ్డారు. 1980లో అక్కడ శిశువుల డబ్బా పాలకు చట్టం వచ్చింది. 2003లో ఇజ్రాయెల్‌లో అమ్మిన సోయా డబ్బాలో థయామిన్ అనే విటమిన్ లేదు. కొందరు బిడ్డలు పోయారు, బతికినవాళ్లలో కొందరు జీవితాంతం అవకరంతో మిగిలారు. థయామిన్ లేక పోవడమంటే బెరిబెరి. ఆ వార్త చదివి నేను కూర్చుండిపోయాను. మన సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు మరబియ్యం తిన్న బాలింతల పాలలో థయామిన్ లేక చంటిపిల్లలు హఠాత్తుగా పోయేవారు. దాని మీదే కూనూరు సంస్థ పుట్టింది, అక్కడి అయిక్రాయిడ్ దొర 1941లో ఆ చావుల మీద రాశాడు. మనం మొదటి పాఠంగా నేర్చుకున్న సంగతి అది.

మన దగ్గరా జరిగింది. బలానికని పిల్లలకిచ్చిన వేరుశనగ పిండిలో బూజువల్ల అఫ్లటాక్సిన్ చేరి కాలేయాలు పాడయ్యాయని మైసూరు డాక్టర్లు 1971లో బయటపెట్టారు. అందుకే పప్పుగింజల తిండి చేసే చోట గోదాము పొడిగా ఉందా, ప్రతి సరుకూ పరీక్షకు వెళ్లిందా అని మేం వెంటబడి అడిగేవాళ్లం. పాలు లేని తిండిని ఇంటింటికీ వదిలేయకుండా, సంస్థలు బాధ్యత తీసుకుని చేయాలంటున్నది ఇందుకే.

ఎవరూ చేయడం లేదా అంటే చేస్తున్నారు, మనం కాదు. సోయాతో బిడ్డల తిండి 1909లోనే బాల్టిమోర్‌లో రూరా అనే డాక్టరు మొదలుపెట్టాడు. 1929లో పాల అలర్జీకి వాడారు. అది కూడా పడనివాళ్లు ఉంటారు, ఆరు నెలల లోపు వద్దని ఐరోపా డాక్టర్లు అంటారు. థాయిలాండ్‌లో కోడిమాంసంతో డబ్బా పాలలాంటిది చేసి పాల అలర్జీ బిడ్డలకు ఇచ్చి చూశారు, సోయా కంటే ఎక్కువమందికి పడింది. ఫ్రాన్స్‌లో, ఇటలీలో బియ్యంలోని ప్రోటీన్‌ను ముక్కలు చేసి, తక్కువైన లైసిన్, థ్రియోనిన్ లాంటివి కలిపి, పాలంటూ లేని డబ్బా అమ్ముతున్నారు. బియ్యంతో! గోదావరి, కృష్ణ డెల్టాల్లో, ఇప్పుడు తెలంగాణ నిండా వరి. మిల్లుల దగ్గర నూక గుట్టలు. బియ్యంలో ఆర్సెనిక్ చూసుకోవాలి, ప్రోటీన్ విడదీయాలి, కష్టమే. కానీ 1950ల్లో గేదెపాలతో శిశువుల పొడి కష్టమన్నవాళ్లకు చేసి చూపించింది మన మైసూరు కదా. ఆ పట్టుదల ఏమైపోయింది?

తల్లిపాలు తాగే బిడ్డకు అలర్జీ ఉంటే డబ్బా అక్కర్లేదు, తల్లి పాల పదార్థాలు మానాలి. రెండు నుంచి నాలుగు వారాల్లో తేడా తెలుస్తుంది. చెప్పినంత సులువా మన ఇళ్లల్లో? బాలింతకు పెట్టే కాయం నేతితో, కరప్పొడి అన్నం నేతితో, రాత్రి అన్నం పెరుగుతో. నెయ్యిలో కూడా కాస్త ప్రోటీన్ మిగిలే ఉంటుంది. నూనె వేసి కాయం ఉండ కట్టొచ్చు, కందిపప్పు కట్టు, మునగాకు వేపుడు, నువ్వుల పొడి, చేపలు తినేవాళ్లకు ముళ్లతో తినే చిన్న చేపలు పెట్టొచ్చు. కాల్షియం మాత్ర డాక్టరు రాస్తారు. పెరుగు లేకపోతే అన్నం తిన్నట్టుండదని అత్తగారు వాదనకు దిగకుండా, నాలుగు వారాలు తనూ ఆ పిల్లతోపాటు మానేస్తే సగం భారం తీరుతుంది. మా చెల్లెలు మానేసింది.

బయట కొనేవాటి సంగతి మరీ అన్యాయం. ఒక రోజు దుకాణంలో ఆ పిల్లతోపాటు నిలబడి బిస్కెట్ పొట్లం వెనక చదవబోయాను. చీమతలంత ఇంగ్లీషు అక్షరాలు. మిల్క్ సాలిడ్స్, వే పౌడరు, కేసినేట్, అన్నీ పాలే, ఒక్కోచోట ఒక్కో పేరు. పాలు ఉన్నాయని విడిగా రాయాలని నిబంధన ఉంది, రాశారు కూడా. కళ్లజోడు పెట్టుకున్నా నాకు కనబడలేదు, ఆ పిల్ల ఫోనులో ఫోటో తీసి పెద్దది చేసి చదివింది. బొమ్మేమో పొట్లం నిండా ఉంది. తెలుగు నేల మీద అమ్మే పిల్లల తిండి మీద "ఇందులో పాలు ఉన్నాయి" అని తెలుగులో, వేలెడంత అక్షరాల్లో రాయడానికి ఏం అడ్డొచ్చింది?

మా వాడు ఇప్పుడు బాగున్నాడు. ఎనిమిదో నెలలో రాగి, పెసర జావ, మెత్తగా ఉడికించిన చేప, గుమ్మడికాయ, చెంచాడు నూనె వేసిన పప్పన్నం తింటున్నాడు. ఈ పిల్లల్లో ఎక్కువమందికి అయిదేళ్లొచ్చేలోగా పాలు పడతాయట. ఏడాది దాటాక ముందు బాగా కాల్చిన బిస్కెట్‌లో ఉన్న పాలతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా చూస్తామని డాక్టరమ్మ చెప్పింది. వాడికి చూసుకునేవాళ్లున్నారు. అంగన్‌వాడీ మీద ఆధారపడిన బిడ్డ మాటేమిటి?

తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు 2.5 కిలోల బాలామృతం ఇస్తారు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె, పైన విటమిన్లు. మంచి తిండి. ఎన్నో ఇళ్లల్లో అదే ఆధారం. కానీ పాలపొడి ఉంది కనుక పాల అలర్జీ బిడ్డకు అది ముట్టించకూడదు. ఆ రెండున్నర కిలోలు వాడికి అక్కరకు రావు. పాలపొడి తీసి, ఆ చోట మొలకెత్తించిన రాగి, పెసర, వాటికి తగ్గట్టు కాల్షియం కలిపి, పాలు తగలని విడి యంత్రం మీద ఆడించి, విడి రంగు సంచిలో కట్టాలి. ఎన్ని సంచులు కావాలో టీచర్ల దగ్గర డాక్టరు చీటీలు పోగుచేస్తే తేలుతుంది. కొలతలు తేల్చాల్సిన సంస్థ తార్నాకలో ఉంది. బాలామృతం కట్టే ఫ్యాక్టరీ నాచారంలో ఉంది. ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఆటోలో వెళ్లొచ్చు. ఇదంతా కాగితం మీద పెట్టి, హైదరాబాద్ మిక్స్ కొలతలు, రాగి మొలకపిండి పద్ధతి జతచేసి, సంబంధించిన పెద్దలకు పంపాను. జవాబు రాకపోతే మళ్లీ పంపుతాను.